111 జీవో ఊళ్లలో పొలాన్ని పొలంగానే ఉంచిన రైతుకు ఎవరైనా డబ్బు కట్టాలా, వద్దా?

చేవెళ్ల రోడ్డు రైతు:

అందరికీ నమస్తే. మాది మొయినాబాద్ మండలం, గండిపేట చెరువుకు, అంటే ఉస్మాన్‌సాగర్‌కు ఎగువన. నాన్న పేరు మీద మూడెకరాల పైచిలుకు ఉంది. సగం కూరగాయలు, సగం బంతి, చామంతి. పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. పొలం కింది అంచు వెంట ఒక ఒర్రె ఉంది, వానాకాలమంతా పారుతుంది, ఆ నీళ్లు పోయి పోయి గండిపేటలోనే కలుస్తాయి. ఒర్రెకు అటూ ఇటూ కొంత జాగాను మా తాతల నుంచీ దున్నం. అక్కడ తుంగ, జమ్ము మొలుస్తాయి, పై పొలాల నుంచి వానకు కొట్టుకొచ్చిన మట్టి ఆ గడ్డిలోనే ఆగిపోతుంది, కిందికి పోయే నీళ్లు కాస్త తేటగా పోతాయి. ఆ జాగా కూడా దున్నితే ఇంకో నాలుగు మడులు కొత్తిమీర వస్తుంది, కానీ నాన్న ఒప్పుకోడు.

ఇక అడగాలనుకున్నది ఏమిటంటే. 1908లో మూసీ వరద హైదరాబాద్‌ను ముంచేశాక 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వాటిని కాపాడాలని 1996 మార్చిలో 111 జీవో తెచ్చారు. రెండు చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే అంచు) నుంచి 10 కిలోమీటర్ల లోపు 84 ఊళ్లు, దాదాపు 1,32,000 ఎకరాలు దాని కిందికి వచ్చాయి. పరిశ్రమలు పెట్టొద్దు, పెద్ద హోటళ్లు కట్టొద్దు, కాలనీలు వేయొద్దు. చెరువు బతకాలంటే ఇవన్నీ అవసరమే, నేను కాదనడం లేదు. కానీ అవతలి పక్క, 10 కిలోమీటర్ల గీత దాటిన ఊళ్లో ఎకరం అమ్మినవాడు పిల్లల్ని చదివించుకున్నాడు, ఇల్లు కట్టుకున్నాడు. మా ఊళ్లో పెళ్లికో ఆసుపత్రికో అర ఎకరం అమ్ముదామంటే సగం రేటు కూడా పలకలేదు. పాతికేళ్లకు పైగా నగరం కోసం మేము ఆగాం. దానికి ఒక్క రూపాయి ఎవరైనా ఇవ్వాలన్న మాట ఆ జీవోలో ఎక్కడా లేదు.

2022 ఏప్రిల్‌లో 69 జీవో ఇచ్చి ఆంక్షలు ఎత్తేస్తున్నామన్నారు, చెరువుల నీళ్లు మాత్రం పాడవకూడదన్నారు, విధివిధానాలకు కమిటీ వేశారు. అప్పటి నుంచి మా ఊళ్లో రోజూ ఇదే ముచ్చట. మా చిన్నాన్న కొడుకులు అమ్మేద్దామంటున్నారు. పేపర్లలో, టీవీల్లో చూస్తే 111 జీవో రైతులంటే రియల్ ఎస్టేట్ కోసం ఎదురుచూసేవాళ్లు అన్నట్టు మాట్లాడతారు, అది చదివినప్పుడల్లా కడుపు మండుతుంది.

నేను తెలుసుకోవాలనుకున్నది ఇంతే. చెరువు ఎగువన వ్యవసాయమే చేస్తూ, వాగు ఒడ్డును కాపాడే రైతుకు డబ్బు కట్టే పద్ధతి ఎక్కడైనా ఉందా? మన దగ్గర ఇప్పటికే ఏదైనా పథకం ఉండి మాకు తెలియకుండా ఉందా? లేకపోతే అడగడం న్యాయమేనా, ఏ లెక్కన అడగాలి? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ఊళ్లో పది మందికి చదివి వినిపిస్తాను.

రిటైర్డ్ ఏఈఓ:

తమ్ముడూ, వ్యవసాయ విస్తరణాధికారిగా పనిచేసినవాణ్ణి, ముందు సూటిగా జవాబు చెప్తాను. "చెరువు ఎగువ ప్రాంతాన్ని కాపాడినందుకు" అని రైతు ఖాతాలో డబ్బు వేసే పథకం మన రాష్ట్రంలో లేదు. దగ్గరగా ఉన్నవి కొన్ని చెప్తాను, ఏది ఎందుకు సరిపోదో కూడా.

రైతు భరోసా ఉంది, 2025 జనవరి నుంచి ఏడాదికి ఎకరానికి 12,000. అది సాగు భూమి ఉన్నందుకు ఇచ్చేది. వాగు ఒడ్డు వదిలేసిన మీ నాన్నకూ, వాగును పూడ్చి చదును చేసుకున్నవాడికీ ఎకరానికి అదే డబ్బు వస్తుంది. సేంద్రియ సాగుకు కేంద్రం పరంపరాగత్ కృషి వికాస్ యోజన ఉంది, రైతులు ఒక క్లస్టర్‌గా చేరాలి, మందులు మానేస్తే మూడేళ్లలో హెక్టారుకు 15,000 దాకా రైతు చేతికి వస్తుంది. మీది కూరగాయలు, పూల ప్రాంతం, మందుల వాడకం ఎక్కువ ఉండే పంటలు, కాబట్టి ఊరు ఊరంతా దీంట్లో చేరితే చెరువుకు నిజంగా మేలు. నేనైతే ముందు దీని మీద వ్యవసాయాధికారిని కలవమంటాను. ఫాంపాండ్, డ్రిప్ లాంటివాటికి సబ్సిడీలు ఎలాగూ ఉన్నాయి.

చిత్తడి నేలల చట్టం వైపు నుంచి చూస్తే ఇంకో చిక్కు ఉంది. కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనల్లో వరి పొలాలను, తాగునీటి కోసమో సాగునీటి కోసమో మనుషులు కట్టిన చెరువులను లెక్కలోంచి తీసేశారు. తెలంగాణలో మనకున్నవి దాదాపు అన్నీ మనుషులు కట్టిన చెరువులే! గండిపేట కూడా అంతే. కొంగలు వాలుతాయి, జమ్ము పెరుగుతుంది, భూమిలోకి నీళ్లు ఇంకుతాయి, చిత్తడి నేల చేసే పనులన్నీ చేస్తుంది, కానీ ఆ రూల్స్ ప్రకారం చిత్తడి నేల కాదు. చిత్తడి నేలల కోసం కేంద్రం 2023 బడ్జెట్‌లో ప్రకటించిన అమృత్ ధరోహర్ పథకం రామ్‌సర్ జాబితాలో (ప్రపంచ స్థాయిలో ముఖ్యమని గుర్తించిన చిత్తడి నేలల జాబితా) ఉన్న చోట్లకే, మనది ఆ జాబితాలో లేదు. అందుకే కేంద్రం డబ్బు మీద ఆశ పెట్టుకోకుండా నగరం వైపు చూడటం మేలనిపిస్తుంది.

క్యాట్‌స్కిల్ తెలుగు:

నేను న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటాను, పుట్టింది వికారాబాద్ దగ్గర, అంటే మూసీ పుట్టే అనంతగిరి పక్కనే. మీ ప్రశ్న చదవగానే ఇక్కడి సంగతి రాయాలనిపించింది, ఎందుకంటే ఇది అచ్చం మీ సమస్యే, ఇక్కడ దాన్ని ఇంకో దారిలో తేల్చుకున్నారు.

న్యూయార్క్ నగరానికి 90 శాతం నీళ్లు ఉత్తరాన క్యాట్‌స్కిల్ కొండల నుంచి, డెలావేర్ నది ఎగువ నుంచి వస్తాయి. అక్కడ పాడి రైతులు ఎక్కువ. ఆవులు వాగుల్లోకి దిగడం, పేడ నీళ్లు వానకు కొట్టుకుపోయి జలాశయాల్లో కలవడం, ఇవీ అప్పటి ఇబ్బందులు. 1989లో అమెరికా ప్రభుత్వం ఒక రూల్ తెచ్చింది, నదుల నుంచి, చెరువుల నుంచి నీళ్లు తీసుకునే నగరాలు ఫిల్టర్ ప్లాంట్ కట్టాలి, లేదా ఎగువ ప్రాంతాన్ని కాపాడి నీళ్లు శుభ్రంగా ఉన్నాయని చూపించాలి అని. ప్లాంట్ కట్టడానికి ఆ రోజుల్లో వేసిన లెక్క 6 బిలియన్ డాలర్ల దాకా ఉంది, పైగా ఏటా నడిపే ఖర్చు. దాంతో నగరం మొదట మీ 111 జీవో లాంటి పనే చేసింది, 1990లో ఎగువ ఊళ్ల మీద కఠినమైన ఆంక్షల ముసాయిదా పెట్టింది. రైతులు భగ్గుమన్నారు. అసలు వీళ్లకు నగరం మీద పాత కోపం ఉంది, జలాశయాలు కట్టినప్పుడు ఊళ్లకు ఊళ్లే మునిగాయి.

అప్పుడు కూర్చుని మాట్లాడుకున్నారు. 1993లో వాటర్‌షెడ్ అగ్రికల్చరల్ కౌన్సిల్ అని రైతులే ముందుండి నడిపే సంస్థ పెట్టారు, డబ్బు ప్రధానంగా నగరానిది. 1997లో నగరం, ఎగువ ఊళ్లు, రాష్ట్రం, కేంద్రం, పర్యావరణ సంఘాలు అన్నీ కలిసి పెద్ద ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాని ప్రకారం చేరడం రైతు ఇష్టం. చేరితే అతని పొలం మొత్తం తిరిగి చూసి ఒక ప్లాన్ రాస్తారు. పేడ నిల్వ చేసే గుంత కట్టాలా, వాగు వెంట కంచె వేసి ఆవులకు వేరేచోట తొట్టి పెట్టాలా, ఒడ్డున చెట్లు నాటాలా, అన్నీ అందులో ఉంటాయి, వాటి ఖర్చు రైతు నెత్తిన పడదు. వాగు ఒడ్డున సాగు ఆపేసిన జాగాకు 10 నుంచి 15 ఏళ్ల ఒప్పందం మీద ఏటా అద్దె ఇచ్చే కేంద్ర పథకం కూడా దీనికి కలిపారు. మీ నాన్నగారు తుంగ, జమ్ముకు వదిలేసిన జాగా ఉంది చూశారా, సరిగ్గా అలాంటి జాగాకే ఇక్కడ అద్దె ఇస్తారు.

ఇంకోటి ముఖ్యమైనది. ఇక్కడ రెండు రకాల డబ్బును వేరువేరుగా చూస్తారు. ఏటా చేసే పనికీ, వదులుకున్న పంటకూ ఇచ్చేది ఒకటి. భూమి మీద ఎప్పటికీ కాలనీలు కట్టం అని రాసిచ్చినందుకు ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం రెండోది. భూమి రైతు పేరు మీదే ఉంటుంది, సాగు చేసుకోవచ్చు, కొడుక్కి ఇవ్వొచ్చు, అమ్ముకోవచ్చు కూడా, కానీ ఆ షరతు భూమితో పాటే పోతుంది, కొన్నవాడు కూడా కట్టలేడు. చిత్తడి నేలలకూ ఇదే పద్ధతిలో కేంద్ర పథకం ఉంది, 1990 వ్యవసాయ చట్టంతో మొదలైంది, ఎప్పటికీ అని రాసిచ్చినవాళ్లకు పూర్తి విలువ, 30 ఏళ్లకు రాసిచ్చినవాళ్లకు తక్కువ. ఇంకోవైపు, చిత్తడి నేలను ఎండగట్టి పంట వేసినవాడికి 1985 నుంచి ప్రభుత్వ వ్యవసాయ సాయం ఆపేసే రూల్ కూడా ఉంది.

మీ 111 జీవో ఈ రెండో రకం హక్కును 84 ఊళ్ల నుంచి ఉచితంగా తీసుకుంది. అడగడం న్యాయమేనా అన్నారు కదా, నా మటుకు నాకు నూటికి నూరు పాళ్లు న్యాయమే.

నల్లగండ్ల ఫ్లాట్:

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ నగరం వైపు నుంచి ఒక మాట. మేము ఈఎంఐలు, ప్రాపర్టీ ట్యాక్స్, మెయింటెనెన్స్, అన్నీ కడుతూనే ఉన్నాం, ఎండాకాలం వస్తే ట్యాంకర్లకు వేరే. ఇప్పుడు సిటీకి నీళ్లు ఎక్కువగా కృష్ణా నుంచి, గోదావరి నుంచి వస్తున్నాయి, గండిపేట వాటా చాలా తక్కువ. మరి గండిపేట రైతుకు మేమెందుకు కట్టాలి? ఇంకా న్యూయార్క్‌లో నల్లా బిల్లులోంచి ఇస్తారేమో, ఇక్కడ నెలకు 20,000 లీటర్లు ఫ్రీ, చాలా ఇళ్లకు బిల్లే జీరో. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

చేవెళ్ల రోడ్డు రైతు:

ఫ్లాట్ అన్నా, మంచి ప్రశ్న అడిగారు, కోపం లేదు. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి తెస్తున్నారు, ఆ కరెంటు బిల్లు ఎవరో ఒకరు కడుతూనే ఉన్నారు కదా. గండిపేట నీళ్లు పల్లానికి వాటంతటవే వస్తాయి. పైగా ఈ రెండు చెరువులు కట్టిందే వరద ఆపడానికి. ఎగువన మా పొలాలన్నీ సిమెంటు అయిపోతే అదే వాన రెండు గంటల్లో చెరువులోకి దూకుతుంది, గేట్లు ఒక్కసారిగా ఎత్తాలి, మూసీ పక్కన ఉన్న బస్తీలు మునుగుతాయి. మా పొలాలు తాగే నీళ్లకు డబ్బు అడగడం లేదు, ఆపే నీళ్లకు అడుగుతున్నాం. బిల్లు జీరో అన్న మాట మాత్రం నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు, పెద్దవాళ్లు ఎవరైనా చెప్పాలి.

కొల్లేటి గట్టు:

అందరికీ నమస్కారమండి. మాది కైకలూరు దగ్గర, ఇప్పుడు ఏలూరు జిల్లాలోకి వచ్చాం. మీ 111 జీవో ఎలాగో మాకు 120 జీవో అలాగ. 1999లో కొల్లేరును +5 కాంటూరు (సముద్ర మట్టానికి ఐదడుగుల ఎత్తున ఉండే గీత) దాకా అభయారణ్యం అన్నారు, 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాలోకి ఎక్కింది, ప్రపంచమంతా పేరొచ్చింది. ఆ గీత లోపల ప్రభుత్వ భూమే కాదు, మా తాతముత్తాతల జిరాయితీ కూడా ఉంది, పట్టాలున్నాయి, శిస్తు కట్టాం.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలని ఉందండి. డెబ్బైల్లో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి చేపల చెరువులు తవ్వించింది. ఆ తర్వాత అది చూసి డబ్బున్నోళ్లంతా దిగారు, కొల్లేరు కనపడకుండా గట్లు వేసేశారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని ఆ గట్లు పగలగొట్టారు, తప్పలేదు, పగలగొట్టాల్సిందే. కానీ చేపల చెరువు తవ్వకుండా దాళ్వా (రెండో పంట) వరి వేసుకున్న చిన్న రైతు కూడా అదే గీత లోపల ఉన్నాడు. వాడు ఏమీ పాడు చెయ్యలేదు. గీతకు అవతల చెరువు లీజుకిచ్చినోడికి ఎకరానికి వచ్చేది మా వరి మీద మిగిలేదానికి ఎన్నో రెట్లు. ఆ తేడా భరించమని మాకు చెప్పారు, ఎంతకాలమో చెప్పలేదు, దానికి బదులు ఏమిస్తారో చెప్పలేదు. అందుకే ఎన్నికలొచ్చినప్పుడల్లా +3 కాంటూరుకు కుదిస్తామనే మాట వస్తుంది, మావాళ్లంతా దాని చుట్టూ తిరుగుతారు. 2008లో అసెంబ్లీ తీర్మానం కూడా చేసింది. పొలంలో నత్తగుల్లలు ఏరుకునే కొంగల్ని చూస్తే నాకు సంతోషమే, ఆటపాక వెళ్లి గూడబాతుల్ని చూసొచ్చే పట్నం వాళ్ల కంటే నాకే ఎక్కువ సంతోషం. ఏడాదికి ఎకరానికి ఇంత అని నికరంగా ఇచ్చి ఉంటే మా ఊళ్లో సగం మంది +3 మాటే ఎత్తేవాళ్లు కాదని నా నమ్మకం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగింది కదా. ఆ బుడమేరు వచ్చి పడేది కొల్లేట్లోనే. ఆ నీళ్లు ఎక్కడ నిలవాలండి? మా పొలాల్లోనే నిలవాలి, ఉప్పుటేరు మెల్లగా సముద్రానికి లాగేదాకా మా చేలు మునిగే ఉంటాయి. నీళ్లు నిలబెట్టుకున్న చేనుకు పంట నష్టం అని దరఖాస్తు పెట్టుకోవాలి, తిరగాలి. అది నష్టపరిహారం కాదండీ, మేము చేసిన పనికి కూలీ. అలా చూస్తే లెక్కే మారిపోతుంది.

కౌలుగోస:

అందరూ పట్టాదారు గురించే రాస్తున్నారు, అందుకే ఇది రాయాల్సి వస్తోంది. నేను షాబాద్ వైపు కౌలుకు కూరగాయలు పండిస్తాను, నా పేరు మీద గుంట భూమి లేదు.

2018లో రైతుబంధు వచ్చినప్పుడు ఎకరానికి పంటకు 4,000 పట్టాదారు ఖాతాలో పడింది, దున్నినోడికి దమ్మిడీ రాలేదు. ఇప్పుడు చెరువు కాపాడినందుకు డబ్బు అంటే అది కూడా ఎకరం లెక్కన పట్టాదారుకే పోతుంది. 111 జీవో ఊళ్లలో పట్టాదారు ఎవరో మీకు తెలియదా? చాలా చోట్ల రైతు అమ్ముకుని పోయాడు, కొన్నవాళ్లు ఫాంహౌస్ కట్టి మామిడి మొక్కలు పెట్టి ఆదివారం ఆదివారం వస్తారు. నేను కౌలు చేసే చేను పక్కనే ఒకటుంది. ఒర్రెకు అడ్డంగా ప్రహరీ కట్టారు, నీళ్లు పోవడానికి కింద రెండు సిమెంటు పైపులు పెట్టారు, మొదటి పెద్ద వానకే పైపులకు చెత్త అడ్డం పడి నీళ్లన్నీ నా టమాటా తోటలోకి మళ్లాయి. వాళ్లకు "చెరువు రక్షకులు" అని ఎకరానికి ఇంత ఇస్తే నా గుండె ఆగిపోతుంది.

కేరళలో ఇలాంటిది ఉంది, చూసి నేర్చుకోండి. 2008లో వరి పొలాలు, చిత్తడి నేలల చట్టం తెచ్చి వాటిని పూడ్చొద్దన్నారు, 2020లో వరి పొలాన్ని అలాగే ఉంచినవాళ్లకు హెక్టారుకు ఏడాదికి 2,000 రాయల్టీ మొదలుపెట్టారు. దేశంలో పొలం చేసే మేలుకు డబ్బు కట్టాలన్న ఆలోచనను ప్రభుత్వం ఒప్పుకోవడం మంచిదే. కానీ అది భూమి ఉన్నోడికి. పైగా హెక్టారుకు 2,000 అంటే ఎకరానికి 800. మొయినాబాద్‌లో 800కు ఎవడు ఆగుతాడు చెప్పండి. రియల్ ఎస్టేట్ రేటుతో ఏ ఏడాది చెల్లింపూ పోటీ పడలేదు, ఆ మాట ముందే ఒప్పుకుని మాట్లాడుకోవాలి. పని చేసినోడికి పని డబ్బు, అది కౌలుదారైనా సరే. 2011లో కౌలుదారులకు గుర్తింపు కార్డులిచ్చే చట్టం వచ్చింది, దాన్ని బయటికి తీయండి.

క్యాట్‌స్కిల్ తెలుగు:

కౌలుగోస గారు చెప్పిన దాంట్లో అసలు కిటుకు ఉంది. రెండు డబ్బులు వేరు చేయాలన్నది ఇందుకే. కట్టడం మానుకున్న హక్కు విలువ భూమి యజమానిది, దాన్ని ఏడాదికి ఎకరానికి 800తో కొనలేం. వాగు ఒడ్డు కాపాడటం, మందులు తగ్గించడం పొలంలో ఉన్న మనిషి చేసే పని, ఆ డబ్బు అతనికే పోవాలి. రెండూ ఒకే పథకంలో కలిపేస్తే ఫాంహౌస్ ఆయన రెండూ పట్టుకుపోతాడు.

హక్కు డబ్బుకు హైదరాబాద్‌లో దారి ఇప్పటికే ఉంది కదా. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు స్థలం పోయినవాళ్లకు నగదు బదులు టీడీఆర్ (వేరేచోటికి బదలాయించుకోగల నిర్మాణ హక్కు కాగితం) ఇస్తున్నారు, దాన్ని బిల్డర్లు కొనుక్కుని వేరేచోట అదనపు అంతస్తులు వేసుకుంటున్నారు. చెరువు ఎగువ ఊళ్ల రైతుకు కూడా ఎకరానికి ఇంత టీడీఆర్ ఇవ్వొచ్చు. "ఈ సర్వే నంబర్లో ఎప్పటికీ వ్యవసాయమే" అని రిజిస్టర్ చేయించాలి, ఆ కాగితాన్ని కోకాపేటలోనో ఇంకోచోటో టవర్ కట్టేవాడు కొనుక్కోవాలి. నల్లా బిల్లు జీరో అని ఫ్లాట్ గారు అన్నదానికి కూడా ఇదే జవాబు, ఈ డబ్బు బిల్లులోంచి రానక్కరలేదు, నగరం పైకి పెరగడంలోంచే వస్తుంది.

అనంత నీళ్లు:

కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి. నేను అనంతపురం జిల్లాలో వాటర్‌షెడ్ పనుల్లో చాలా ఏళ్లు ఉన్నాను. మన తెలుగాయన, ఆర్థికవేత్త సి.హెచ్.హనుమంతరావు గారి కమిటీ సిఫార్సులతో 1995లో వాటర్‌షెడ్ మార్గదర్శకాలు వచ్చాయి, గుట్ట మీద నుంచి పల్లం దాకా వరసగా పని చేయాలి, ఊరి కమిటీయే చేయాలి అని. అప్పుడు తీసిన కాంటూరు కందకాలు, కట్టిన చెక్‌డ్యాంలు, ఊట కుంటలు నిజంగా పనిచేశాయి, బోర్లలో నీళ్లు పెరిగిన ఊళ్లు నేను కళ్లారా చూశాను.

అయితే డబ్బంతా కట్టడానికే. కట్టాక పట్టించుకునేవాడికి పైసా లేదు. చెక్‌డ్యాం వెనక రెండు మూడు వానాకాలాల్లో పూడిక చేరుతుంది. పూడిక తీయకపోతే అది నీళ్లు ఆపే కట్ట కాదు, వాగులో ఒక మెట్టు, అంతే. పక్క చేను రైతుకు ఏటా ఎంతో కొంత ఇచ్చి "నువ్వు చూసుకో" అంటే చూసుకునేవాడే. ఎవరూ అనలేదు. తెలంగాణలో మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీశారు, రైతులే ట్రాక్టర్లు పెట్టుకుని ఆ మట్టి చేలకు తోలుకున్నారు, చాలా మంచి పని. అయితే ఎగువ పొలాల నుంచి మట్టి రావడం ఆగకపోతే చెరువు మళ్లీ పూడుతుంది. మట్టిని పైనే ఆపిన రైతుకు ఇచ్చే డబ్బు చెరువు పూడిక ఖర్చులో మిగులుతుంది, ఎవరూ ఆ లెక్క వేయరు.

మన పెద్దవాళ్లకు ఈ లెక్క తెలుసు. రాయలసీమలో దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు కట్టించినవాడికి, దాన్ని బాగోగులు చూసినవాడికి ఆ ఆయకట్టు ఆదాయంలో పదో వంతు గానీ, దానికి సమానమైన మాన్యం గానీ ఇచ్చేవారు, చెరువు బాగున్నంత కాలం అది వంశపారంపర్యంగా వచ్చేది. నీరుగంటికి (చెరువు నీళ్లు పొలాలకు పంచే మనిషికి) కల్లం దగ్గరే గింజలు కొలిచి ఇచ్చేవారు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది, చెరువుకు ఉండాల్సిన లక్షణాలు, ఉండకూడని దోషాలు అందులో చెక్కించారు. ఇనాములు రద్దయ్యాక చూసుకునే మనిషి పోయాడు, చెరువు ప్రభుత్వానిదైంది, పూడిక మాత్రం మిగిలింది.

ఎగువ వాళ్లకు దిగువ వాళ్లు ఇచ్చే ఒప్పందానికి మన దేశంలో నాకు నచ్చిన ఉదాహరణ హర్యానాలోని సుఖోమాజ్రి. చండీగఢ్‌లో సుఖ్నా చెరువు పూడిపోతుంటే మట్టి ఎక్కడి నుంచి వస్తోందని ఎగువకు వెతుక్కుంటూ వెళ్లారు, కొండల మీద మేకలు, పశువులు మేసి గడ్డి లేకుండా పోయిన ఊరు అది. డెబ్బైల చివర్లో ఆ ఊళ్లోనే చిన్న చెరువులు కట్టి, కొండ మీద మేపడం మానేస్తే ఆ నీళ్లలో ప్రతి ఇంటికీ సమాన వాటా అన్నారు. భూమి లేని ఇంటికి కూడా! తన వాటా నీళ్లను అతను వేరే రైతుకు ఇచ్చి బదులు తీసుకోవచ్చు. కొండ పచ్చబడింది, ఎందుకంటే కాపలా ఊళ్లో అందరూ కాశారు. కౌలుగోస గారూ, మీ ప్రశ్నకు నాకు తెలిసిన జవాబు ఇదే, వాటాను భూమికి కట్టేయకుండా ఇంటికి కట్టాలి.

రైతు తమ్ముడు ఏ లెక్కన అడగాలి అన్నాడు. నా సలహా చెప్తాను. ఎకరాల లెక్క వద్దు, కళ్లకు కనిపించే, టేపుతో కొలవగలిగే వాటికి అడగండి. ఒర్రెకు రెండు పక్కలా ఎన్ని మీటర్ల వెడల్పున దున్నకుండా వదిలారు, పొడవెంత, అందులో గడ్డి ఉందా, పైపులు, ప్రహరీలు అడ్డం లేకుండా నీళ్లు సాఫీగా పోతున్నాయా. దీనికి ఏటా అద్దె, అందులో పండే పంట విలువకు తక్కువ కాకుండా, సాగు చేసేవాడి చేతికి. ఇది మొదటి భాగం. రెండో భాగం ఊరందరికీ కలిపి. ఒర్రె ఊరి పొలిమేర దాటే చోట వానాకాలంలో నీళ్లు పట్టి పరీక్ష చేయించి, మట్టి, ఎరువుల అవశేషాలు తగ్గితే పంచాయతీకి బోనస్. అలా పెడితే పక్కవాడు మురుగు వదిలితే నాకెందుకులే అని ఎవరూ ఊరుకోరు. టీడీఆర్ అనేది మూడోది, దాన్ని విడిగా అడగండి, ఎందుకంటే అది తేలడానికి చాలా ఏళ్లు పట్టొచ్చు, మొదటి రెండూ దాని కోసం ఆగకూడదు.

కొల్లేటి గట్టు:

అనంత గారూ, ఊరి బోనస్ మాట బాగుందండి, కానీ మా దగ్గర నీళ్లు పాడయ్యేది మా ఊరి వల్ల కాదు, పైన పట్నాల మురుగు, ఫ్యాక్టరీల నీళ్లు, చెరువుల నీళ్లు అన్నీ కలిసి వస్తాయి. పొలిమేరలోకి వచ్చే చోట ఒకసారి, పోయే చోట ఒకసారి పట్టి తేడా చూడాలి. లేకపోతే మేమెంత జాగ్రత్తగా ఉన్నా ఫెయిలే.

అనంత నీళ్లు:

కరెక్టుగా చెప్పారు. రెండు చోట్లా పట్టాల్సిందే.

నల్లగండ్ల ఫ్లాట్:

వరద ఆపే పని అన్న కోణం నేనెప్పుడూ ఆలోచించలేదు. మా అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ గ్రూపులో ఈ థ్రెడ్ పెట్టాను. ఒక డౌట్. టీడీఆర్ ఇచ్చాక ఇంకో ప్రభుత్వం వచ్చి "ఆ షరతు తీసేశాం, కట్టుకోండి" అంటే? డబ్బూ తీసుకున్నారు, కాలనీలూ వచ్చాయి అన్నట్టు అవుతుంది కదా.

క్యాట్‌స్కిల్ తెలుగు:

అందుకే జీవోలో కాకుండా భూమి దస్తావేజులోనే రాయాలి, దాన్ని పట్టుకుని ఉండే రెండో పార్టీ ప్రభుత్వం కాకుండా ఒక ట్రస్టు అయితే ఇంకా మంచిది. ఇక్కడ అలాగే చేస్తారు, షరతు తప్పితే ఆ ట్రస్టు కోర్టుకు వెళ్తుంది. జీవో ఇంకో జీవోతో పోతుంది, రిజిస్టర్ చేసిన కాగితం అంత తేలిగ్గా పోదు.

చేవెళ్ల రోడ్డు రైతు:

అందరికీ చాలా థ్యాంక్స్. నిన్న సాయంత్రం నాన్నకు, ఇంకొందరు రైతులకు ఇదంతా చదివి వినిపించాను. నాన్నకు అద్దె మాట నచ్చింది, బోనస్ మాట మీద మాత్రం ఊళ్లో గొడవలు పెరుగుతాయని అన్నాడు, నాకు అలా అనిపించడం లేదు. మా చిన్నాన్న కొడుకులు టీడీఆర్ అంటే ఏమిటో కనుక్కోమన్నారు, అమ్మకం మాట ప్రస్తుతానికి పక్కన పెట్టారు. కౌలు రైతుల పేర్లు కూడా కాగితంలో ఉండాలన్నాను, ఇద్దరు పట్టాదారులు మొహం చిట్లించారు, అయినా రాస్తాం.

వచ్చే ఆదివారం ఒర్రె మొదలు నుంచి మా పొలిమేర దాకా నడిచి, ఎవరి చేను దగ్గర ఎన్ని మీటర్లు వదిలి ఉందో టేపు పెట్టి కొలిచి, ఫొటోలతో సర్వే నంబర్ల వారీగా రాస్తాం. ఎక్కడెక్కడ గోడలు, పైపులు అడ్డం ఉన్నాయో అది కూడా. దాన్ని గ్రామసభలో పెట్టి తీర్మానం చేయించి పైకి పంపాలని అనుకుంటున్నాం. అనంత గారూ, నీళ్లు ఎలా పట్టాలి, ఏ సీసాల్లో, వాన మొదలైన ఎంతసేపటికి పట్టాలి, ఎక్కడ పరీక్ష చేయిస్తారు, ఇవి కాస్త రాస్తారా? ఏఈఓ సార్, క్లస్టర్‌కు కనీసం ఎంత మంది, ఎన్ని ఎకరాలు ఉండాలి?

రిటైర్డ్ ఏఈఓ:

క్లస్టర్‌కు 20 హెక్టార్లు, అంటే 50 ఎకరాలు, పొలాలు పక్కపక్కనే ఉండాలి. ఒర్రె వెంట ఉన్న చేలన్నీ ఒక వరసలో కలిపితే మీకు సులువుగా వస్తుంది. పాస్‌బుక్కుల జిరాక్స్‌లు, కౌలుదారులకు యజమాని రాసిచ్చిన ఒప్పంద కాగితం ముందే సిద్ధం చేసుకోండి.

అనంత నీళ్లు:

మొదటి గట్టి వానకు ఒర్రె పారడం మొదలైన అరగంట లోపు ఒకసారి, పారుతుండగానే రెండు గంటల తర్వాత ఇంకోసారి పట్టండి. శుభ్రంగా కడిగిన లీటరు సీసాలు చాలు, ఆ ఒర్రె నీళ్లతోనే ముందు తొలిచి, తర్వాత నింపి, మూత మీద చోటు, తేదీ, టైము రాయండి. మట్టి లెక్కకు ల్యాబ్ కూడా అక్కర్లేదు. సీసాను కదపకుండా ఒక రోజు ఉంచితే అడుగున ఎంత మందం మట్టి దిగిందో స్కేలు పెట్టి చూడొచ్చు, గడ్డి ఉన్న చోటికి పైనా కిందా పట్టిన సీసాలు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి తీర్మానానికి జతచేయండి. ఎరువుల అవశేషాలకు మాత్రం ల్యాబ్ కావాలి, సీసాలు ఐస్‌లో పెట్టి అదే రోజు తీసుకెళ్లాలి. దగ్గర్లో ఉన్న వ్యవసాయ కాలేజీలో అడగండి.